నాలుగు వేళ్ల సందు

సోమమ్మ చేతి పొయ్యి గోడకు ఆనదు. ఊళ్లో ఎవరింట్లోనైనా చూసుకోవచ్చు. పొయ్యి వెనక నిలువునా ఒక మట్టి అడ్డగోడ ఉంటుంది. ఆ అడ్డగోడకూ ఇంటి గోడకూ మధ్య నాలుగు వేళ్లు దూరే సందు ఉంటుంది. అడుగున రెండు బెజ్జాలు. చల్లగాలి కింద దూరి, వేడిని వెంటబెట్టుకుని పైకి పోతుంది. కప్పు గడ్డిదైతే పొయ్యి పక్కన నిలబడి చేయి చాపినా గడ్డి అందకూడదు, అందితే ఆ ఇంట్లో పొయ్యి కట్టనే కట్టదు. కట్టిన పొయ్యి ఆరాక తనే వచ్చి, బొట్లు పెట్టి, తొలి మంట తనే రాజేస్తుంది. కుండెడు జొన్న గట్క ఉడికేదాకా కూర్చుని, లేచి వెనక గోడ మీద అరచేయి ఆనిస్తుంది. ఇరవై లెక్కపెడుతుంది. చేయి తీయకుండా ఇరవై దాకా ఓర్చుకోగలిగితే పొయ్యి కుదిరినట్టు. లేదా, ఇంటామె ఎంత బతిమాలినా వినకుండా కూలగొట్టి మళ్లీ కడుతుంది. మొండిది.

అలాంటి సోమమ్మ ఊరి దొర గడీ వంటింట్లో పొయ్యిని గోడకు ఆనించి కట్టింది.

యూనియన్ మిలట్రీ వచ్చి అప్పటికి మూడు నెలలు. ఎట్టి చాకిరీ చేయొద్దని లేచిన సంగపోళ్ల దెబ్బకు పట్నం పారిపోయిన దొర మిలట్రీ లారీల వెనకే వచ్చి గడీ తలుపులు తెరిపించాడు. గడీలో క్యాంపు పెట్టారు. గుట్టల వైపు లారీలో తీసుకుపోయిన వాళ్లు ఎవరూ తిరిగి రాలేదు. గుట్టల్లో ఒక నీళ్లకుండ దొరికింది, దాని మెడ మీద సోమమ్మ మొగుడు గాలయ్య గీసే మూడు గీతల గుర్తు ఉంది. సంగపోళ్లకు కుండలిచ్చావా అని వచ్చి అతన్ని పట్టుకుపోయారు. కుమ్మరివాడు కుండ అందరికీ ఇస్తాడు, ఆ కుండతో ఎవరు ఎక్కడ నీళ్లు తాగుతారో అతనికేం తెలుసు? ఆ మాట అనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. మూడో రోజు తలల మీద గోనెసంచులు కప్పిన పదకొండు మందిని లారీ ఎక్కించి నల్గొండ బాట పట్టించారు. మడమల దగ్గర ఎండిన మట్టి చూసి సోమమ్మ తన మొగుణ్ణి గుర్తుపట్టింది.

ఆ మరునాడే దొర నౌకరు గుర్వయ్య ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

“క్యాంపుకు పొయ్యి గావాల్నంట. నలబై మందికి వండే పొయ్యి. మన్ను దీస్కొని రా.”

సోమమ్మ సారె పక్కన కూర్చుని ఉంది. సారె తిరగడం లేదు.

“ఎట్టికా మామా?” అంది. “రెండేండ్లాయె గద, ఎట్టి లేదని సాటింపేసిన్రు.”

“సాటింపేసినోళ్లు యాడున్నరిప్పుడు?” అన్నాడు గుర్వయ్య, కోపం కూడా లేకుండా. “పొద్దుగాలనే రా. దొర తోని మాటలొద్దు.”

అత్త నర్సింగమ్మ గడప లోపల నుంచి చూస్తోంది. కొడుకును తీసుకుపోయిన వాళ్లకు కోడలు పొయ్యి కట్టిపెట్టాలట. ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది.

పుట్టమన్ను, ఊక, గాడిద లద్దె గాడిద మీదే వేసుకుని సోమమ్మ గడీకి వెళ్లింది. మన్ను తొక్కడం ఎప్పుడూ గాలయ్య పని. అతను తొక్కితే మన్ను పిండిలాగా వస్తుంది. ఇప్పుడు ఆమె ఒక్కతే చీర ఎగగట్టి పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా తొక్కింది. వంట సిపాయి ఎక్కడివాడో, పొడుగ్గా ఉన్నాడు, చలికి వణుకుతూ చేతులు చంకల్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇన్నాళ్లూ వాకిట్లో మూడు రాళ్ల మీద వండి విసిగిపోయాడు. వంటింట్లో అటు చివర గోడ చూపించి, దానికి ఆనించే కట్టు, ఇటు నాకు తిరగడానికి జాగా ఉంటుంది అని సైగలు చేశాడు.

సోమమ్మ ఆ గోడ మీద వేళ్లతో కొట్టి చూసింది. ఆమెకు చూడాల్సిన పని లేదు. పదేళ్లు ఎట్టికి ఈ గోడలను అలికింది ఆమే. మట్టిగోడ లోపల కప్పును మోసే టేకు గుంజ ఎక్కడుందో, దాని మీద ఎన్ని వేళ్ల మందం మన్ను ఉందో ఆమె చేతులకు తెలుసు. ఎండిన కట్టె రోజూ వేడెక్కితే ముందు గోధుమ రంగు తిరుగుతుంది. తర్వాత నల్లబడుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు ఎవరూ నిప్పు పెట్టకుండానే లోలోపల అంటుకుని, గుంజ వెంట పాకి, కప్పు దాకా పోతుంది.

గోడకు అవతల గింజల అర్ర. సంగం పంచిన జొన్నలను దొర మళ్లీ ఇల్లిల్లూ తిరిగి ఊడ్పించుకుని వచ్చి అందులో పోయించాడు. నర్సింగమ్మ గంజి కోసం దాచుకున్న మూటను కూడా వదల్లేదు. సిపాయీలు పండుకునేది ముందు హాల్లో. గింజల అర్ర వెనక మూల, బయట నుంచి తాళం. అందులో మనిషి ఉండడు. సోమమ్మ ఇవన్నీ ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంది. గింజలు కాలుతాయి. గడీ కాలుతుంది. మనిషి మీదికి రాదు.

“మన్ను గోడకు పట్టాలె సాబ్,” అని సిపాయికి చెప్పి ఆమె గోకుడు పారతో గోడ గీరింది. గుంజ మీద మూడు వేళ్ల మందం మన్ను ఉండేది. ఒక్క వేలు మిగిల్చింది. దానికి ఆనించి పొయ్యి లేపింది. అడ్డగోడ లేదు, సందు లేదు, బెజ్జాలు లేవు. పొయ్యి గడ్డలు నున్నగా వచ్చాయి, పనితనం ఎక్కడా చెడలేదు. ఎవరు చూసినా మెచ్చుకునేటట్టే ఉంది.

మూడో రోజు సాయంత్రం గుర్వయ్య వచ్చి చూశాడు. పొగాకు నములుతూ పొయ్యి చుట్టూ తిరిగాడు.

“అడ్డగోడ లేదేంది సోమమ్మా?”

“గడీ గోడ మూరెడు మందం మామా. దీనికేం అడ్డం?”

గుర్వయ్య గోడ వంక చూశాడు. కప్పు వంక చూశాడు. అతని దవడ ఆడడం ఆగింది, మళ్లీ ఆడింది. “సరె” అని వెళ్లిపోయాడు. సోమమ్మ బొట్లు పెట్టలేదు. తొలి మంట కూడా రాజేయలేదు. చేతులు కడుక్కుని గాడిదను తోలుకుని ఇంటికి వచ్చేసింది.

తెల్లారి నుంచి ఆమెకు ఒకటే పని. కుండలు ఆరబెడుతున్నా, అత్త కాళ్లకు నూనె రాస్తున్నా, కళ్లు గడీ పొగ మీదే. పొగ లేచిందంటే గుంజ ఇంకొంచెం ఎండిందన్నమాట. సంతోషపడింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సినంత సంతోషం. ఒకరోజు గట్క పోసుకుంటూ తనలో తాను నవ్వుకుంటే నర్సింగమ్మ భయంగా చూసింది.

ఆరో రోజు పొద్దున ఉప్పలమ్మ కుండ కోసం వచ్చింది. క్యాంపులో ఊడ్చి నీళ్లు మోసేది ఆమే. కుండను తిప్పి చూస్తూ, వాకిలి అవతల ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

“సోమక్కా, గాలయ్య బావ నల్గొండల లేడు.”

సోమమ్మ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

“లారీ పోయిన మాట నిజమే. జేలు నిండిందంట, జాగ లేదన్నరంట. నాలుగు రోజులు ఆడ బయట కూసోబెట్టి మల్లా తోల్కొచ్చిన్రు. పదకొండు మంది గడీలనే ఉన్నరు.”

“యాడ? ఏ అర్రల?”

“వంటింటెన్క. గింజల అర్ర.”

“గింజలున్నయి గదనే అండ్ల!”

“ఇంకెక్కడి గింజలు? నువ్వు పొయ్యి కట్టిన తెల్లారే గుర్వయ్య మామ దగ్గరుండి బస్తాలన్ని ముందటి కొట్టంలకు మోపిచ్చిండు. ఖాళీ అర్ర ఉన్నదని వీళ్లను అండ్ల తోలిన్రు.” ఉప్పలమ్మ సంతోషంగానే చెబుతోంది, మంచి కబురు తెచ్చానన్న సంతోషం. “నీళ్లు పెట్టను పోతె బావనే తలుపుకాడికొచ్చిండు. కాళ్లు వాసినయి గని పానం బాగనే ఉన్నది. చలికి ఫికర్ లేదన్నడు. గోడ ఎచ్చగుంటదంట, అందరు దానికే ఆనుకొని పండుకుంటున్రంట. నిన్నటి సంది కట్టె మాడిన వాసనొస్తాందంట. ఒక మాటన్నడు, నవ్వుకుంట... ఈ పొయ్యి ఎవలు కట్టిన్రో గని ఎన్క అడ్డం పెట్టలే, కట్టింది మా ఇంటిది మాత్రం కాదు అన్నడు.”

సోమమ్మ కుండను కింద పెట్టింది. పెట్టాననుకుంది. అది దొర్లిపోయి చెక్కలైంది.

పుట్టమన్ను గంప, గునపం. ఇంకేమీ తీసుకోలేదు. పట్టపగలు ఊరి నడిబజార్లో గంప నెత్తిన పెట్టుకుని ఆమె గడీ వైపు నడుస్తుంటే అరుగుల మీది మాటలు ఆగిపోయాయి. యాదమ్మ తన గడపలో నిలబడి అందరికీ వినపడేటట్టే అంది.

“మొన్నంటె పిలిస్తె పోయింది. ఇయ్యాల పిలువకముందే పోతాంది.”

సోమమ్మకు వినపడింది. జవాబు చెప్పాలంటే ఆగాలి. ఆగలేదు.

గడీ దర్వాజ దగ్గర గుర్వయ్యే ఎదురొచ్చాడు. గంపను చూశాడు, గునపాన్ని చూశాడు. మొహం మాడిపోయింది.

“ఎవలు పిలిచిన్రు నిన్ను? పో, ఇంటికి పో.”

“పొయ్యి దిద్దాలె మామా.”

“మంచిగనే ఉన్నది. పో అంటున్న!”

ఆమె గొంతు ఎత్తింది. పదేళ్లలో గడీ వాకిట్లో ఎన్నడూ ఎత్తని గొంతు. “సాబ్! జమేదార్ సాబ్! గోడ కాలుతది సాబ్! ఇల్లంత కాలుతది!”

క్యాంపుకు పెద్దయిన జమేదారు నీళ్లు పోసుకుని వస్తున్నాడు, భుజం మీద తువ్వాలు. క్యా బక్తీ హై, ఏం వాగుతోంది అన్నాడు. సోమమ్మకు వచ్చిన నాలుగు తురక ముక్కలతో, చేతులతో, గోడ లోపల కట్టె ఉంది, లకిడి జల్తా అని చెప్పింది. వంట సిపాయి నవ్వాడు. పొయ్యి మీద పెద్ద డేగిసాలో పప్పు ఉడుకుతోంది. జమేదారు గోడను చూశాడు. సున్నం తెల్లగా ఉంది, మచ్చ కూడా లేదు.

మాటలతో అయ్యేది కాదని ఆమెకు అర్థమైంది. పొయ్యి పక్కనుంచి వంగి గోడకు అరచేయి ఆనించింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు అనేలోపే చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది. అరచేయి ఎర్రగా కమిలింది. జమేదారుకు చూపించింది. అతను కూడా చేయి పెట్టాడు, రెండు దాకా కూడా ఉంచలేకపోయాడు.

“ఆగ్ నికాలో!” అన్నాడు.

కట్టెలు లాగి బయట పారేశారు. డేగిసా దించారు. సోమమ్మ తన చేత్తో కట్టిన పొయ్యి వెనక భాగాన్ని గునపంతో పొడిచి కూలదోసింది. గోడ మీది మన్ను పెచ్చు ఊడి పడింది. లోపల గుంజ నల్లగా, పగుళ్లు బారి ఉంది. ఒక్క క్షణం అది చచ్చిన బొగ్గులాగా కనిపించింది. అంతలో గాలి తగిలి పగుళ్ల లోపల ఎర్రగా తెరుచుకుంది. ఎరుపు పైకి పాకుతూ ఉంది.

“నీళ్లు!”

బిందె తర్వాత బిందె పోశారు. ఆవిరి లేచి వంటిల్లు నిండింది. అప్పుడు గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. ఒకరిది కాదు, చాలామందిది, ఒకరి మీద ఒకరు పడి దగ్గుతున్న దగ్గు. సోమమ్మ తల ఎత్తలేదు. ఆ దగ్గుల్లో తన మొగుడి దగ్గు ఏదో ఆమెకు తెలిసింది. కళ్లు తుడుచుకుంటే ఆవిరికని అనుకుంటారులే అని తుడుచుకుంది.

మంట ఆరాక జమేదారు బెత్తం తెప్పించుకున్నాడు. దాని కొనతో ఆమె గడ్డం పైకెత్తి, ఇది ఎవరి తప్పు అని అడిగాడు.

“నాదే సాబ్. అడ్డగోడ కట్టాలె. మరిచిపోయిన.”

ఆరు ఊళ్లలో పేరున్న చేయి. మరిచిపోయానంది. బెత్తం గడ్డం కిందే ఉంది. జమేదారు గుర్వయ్య వైపు తిరిగి, దీన్ని తెచ్చింది నువ్వే కదా, మరిచిపోయిందా, కావాలని చేసిందా అన్నాడు. గుర్వయ్య నోట్లో పొగాకు ఉంది. దాన్ని మింగినంత పని చేశాడు.

“భూల్ గయీ సాబ్. మొగడు లేడు గద, పరేషాన్ల ఉన్నది.”

జమేదారు బెత్తం దించాడు. కట్టమన్నాడు. మళ్లీ గోడ వేడెక్కితే ఈమెను ఆ గోడ వెనకే పెడతానన్నాడు. అరవలేదు, చాలా మామూలుగా అన్నాడు.

సిపాయీలు పొగకు బయటికి పోయారు. సోమమ్మ మన్ను కలుపుతుంటే గుర్వయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“నాకు జూసిన్నాడే సమజైంది,” అన్నాడు నెమ్మదిగా.

“అందుకే గింజలు తీపిచ్చినవా మామా?”

“దొర గింజలు. కాలితె నా తోలు దీస్తడు.”

“మనుషుల్ని తోలంగ జూసినవ్ గద.”

“తోలింది నేను గాదు.”

“తోలింది నువ్వు గాదు. జూసినవ్ గద అంటున్న. ఆరు రోజులు, మామా. బస్తాల కోసం ఒక్క రోజు ఆగలే నువ్వు.”

  జొన్నలు కాలుతాయని తెలిసి కూలీలను పెట్టి మోయించినవాడు, మనుషులు కాలుతారని తెలిసి పొగాకు నములుతూ తిరిగాడు. చెబితే, నీకెలా తెలుసని తననే అడుగుతారు. ఆ భయం సోమమ్మకు తెలియనిదా? అతన్ని తిట్టడానికి నోరు తెరిచింది కానీ తిట్టు రాలేదు. ఆ ఆరు రోజులూ వాకిట్లో కూర్చుని పొగను చూసి నవ్వుకున్నది తనే. గుర్వయ్య ఖాళీ బిందె ఒకటి తీసుకుని నీళ్లకు వెళ్లాడు. ఆ పని అతను ఎన్నడూ చేయలేదు.

ఆమె కాలిన గుంజను గీకి, తడిమన్నుతో నాలుగు వేళ్ల మందం కప్పింది. పొయ్యిని మూరెడు ముందుకు జరిపి కట్టింది. వంట సిపాయి జాగా పోయిందని సణిగినా లెక్కచేయలేదు. ఊక ఎక్కువ కలిపి, గోడకు నాలుగు వేళ్ల ఎడంలో అడ్డగోడ లేపసాగింది. అడుగున రెండు బెజ్జాలు పెట్టింది. రొట్టె రొట్టెగా మన్ను వేస్తూ అరచేత్తో చరుస్తూ పోయింది.

అప్పుడు అవతలి నుంచి వినిపించింది. రెండు దెబ్బలు, తర్వాత అరచేత్తో మెల్లగా రాసిన చప్పుడు.

కుండను సాగగొట్టేటప్పుడు లోపల రాయి పట్టుకునేవాడు గాలయ్య. పెద్ద గోలేలకు ఒకరి చేయి చాలదు, అతను లోపల, ఆమె బయట. ఆమె రెండు దెబ్బలు వేస్తే అతను లోపల నుంచి రెండు ఇచ్చి, ఒకసారి రాసి, ఇక్కడ అయింది, జరుగు అనేవాడు నోరు తెరవకుండా. పదిహేనేళ్ల అలవాటు. ఈ చరుపు ఎవరిదో అతనికి తెలిసిపోయింది. ఈసారి అడ్డం పెట్టింది ఎవరో కూడా తెలిసిపోయి ఉంటుంది. అంటే అంతకుముందు పెట్టనిదెవరో తెలిసే ఉంటుంది. సోమమ్మకు ఏడుపు, సిగ్గు, సంతోషం ఒక్కసారే వచ్చాయి. ఒంగి ఇంటి గోడ మీద తడిమన్ను సరిచేస్తున్నట్టుగా రెండు దెబ్బలు వేసి, ఒకసారి రాసింది.

ఎన్ని రోజులు అని వంట సిపాయి వేళ్లతో సైగ చేశాడు.

“ఆరేదాక సాబ్. రోజు వచ్చి సరువాలె. లేకుంటె పలుగుతది.”

అబద్ధం. అలాంటి గోడ తనంతట తానే ఆరుతుంది. ఈసారి పొయ్యికి పసుపు రాసి బొట్లు పెట్టింది. తొలి మంట తనే రాజేసింది.

మరునాడు పోయింది. ఆ మరునాడు పోయింది. యాదమ్మ వాళ్లు ఆమె ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. పొయ్యి కట్టమని ముందే చెప్పి ఉన్న ఒకరింటివాళ్లు వద్దన్నారు. నర్సింగమ్మకు ఒక్కదానికే చెవిలో సంగతి చెప్పింది. ముసలామె రోజూ సాయంత్రం కోడలు రాగానే “సరిచిండా?” అని అడిగేది. “సరిచిండవ్వా,” అంటే గట్క తాగేది. మూడో రోజు అవతలి దెబ్బలు కాస్త మెత్తగా వినిపించాయి. చేయి బాగా లేదో, పడుకుని కొట్టాడో. రాయడం మాత్రం ఎప్పటిలాగే రాశాడు.

నాలుగో రోజు ఉప్పలమ్మ దర్వాజ దగ్గర ఊడుస్తోంది. సోమమ్మను చూసి చీపురు పట్టుకుని అటు వైపు తిరిగింది. సోమమ్మ పట్టించుకోలేదు. ఆమెను చూసి తిరిగే మొహాలు ఈ మధ్య చాలానే ఉన్నాయి.

వంటింట్లో మంట బాగా ఉంది. సోమమ్మ అడ్డగోడ పక్క నుంచి ఒంగి ఇంటి గోడను రెండుసార్లు చరిచి, రాసింది.

అవతల ధబ్‌మని ఒక దెబ్బ. ఇంకొకటి.

ఈ రోజు గట్టిగా కొట్టాడు, చేయి నయమైంది అనుకుంది. రాయడం కోసం చెవి పెట్టింది. రాయలేదు. ధబ్‌మని మూడో దెబ్బ పడింది. నాలుగోది. ఐదోది. నేల అదిరేటట్టు, ఒకదాని మీద ఒకటి. తర్వాత గుర్వయ్య గొంతు వినిపించింది, కూలీలను అదిలిస్తూ.

“గోడకు ఆనియ్యకున్రిరా బస్తాలు! నాలుగు వేళ్ల సందు ఇడువున్రి. గోడకు గాలాడాలె.”

సోమమ్మ వంట సిపాయి వైపు తిరిగింది. “సాబ్, అండ్ల మనుషులు...”

అతను గరిటె తిప్పుతూనే తల ఊపాడు. “సుబే గయే. లారీ మే.” పొద్దున్నే లారీ ఎక్కించేశారట.

“నల్గొండకా?”

అతను ఆమెను చూడలేదు. గరిటెతో నల్గొండ వైపు కాదు, గుట్టల వైపు చూపించాడు. “దివార్ సూఖ్ గయీ,” అన్నాడు. “కల్ సే మత్ ఆ.” గోడ ఆరిపోయింది, రేపటి నుంచి రావద్దని.

అవతల బస్తాలు పడుతూనే ఉన్నాయి. సోమమ్మ ఇంటి గోడ మీద అరచేయి ఆనించింది. ఒకటి, రెండు, మూడు. పొయ్యి నిండా మంట ఉంది, గోడ మాత్రం బావిలోని రాయిలాగా చల్లగా ఉంది. పొయ్యి కుదిరింది. ఇరవై అయింది. ముప్పై అయింది. వంట సిపాయి బియ్యం కడిగి వచ్చాడు, ఆమె ఇంకా లెక్కపెడుతూనే ఉంది. చేయి తీయలేదు.